హంగరీ దేశభక్తుడు కోషూత్

పందొమ్మిదవ శతాబ్దపు యూరపు చరిత్రమున 1848 వ సంవత్సరమునకు సాటివచ్చు సంవత్సరము వేఱొకటి లేదు. ఆ యేటి ఫిబ్రవరి నెలలో ఫ్రాన్సు రాజు సింహాసనమును వీడి పారిస్ నగరమునుండి పాఱిపోయెను. మార్చి నెల ముగియకమున్నే వియన్నా, బెర్లిను, మిలాను, వెనిసు, పెష్టు నగరములందు ప్రజలు వీథులకెక్కి రాజ్యాంగమును, ప్రజలకు బాధ్యతవహించు మంత్రివర్గమును, పత్రికాస్వేచ్ఛను కోరిరి. ఏడాదిన్నర గడచునప్పటికి ఆ యుద్యమములలో పెక్కింటిని సైన్యములు అణచివైచినవి. వానిలో మిక్కిలి దూరము సాగినది హంగరీ విప్లవము. దానికి ప్రాణమై నిలిచినవాడు లూయీ కోషూత్. స్వభాషలో ఆతని పేరు లాయోష్ కోషూత్.

మాజినీ, గారిబాల్డీల చరిత్రములు మన చదువరులకు చిరపరిచితములు. కోషూత్ పేరును ఒకప్పుడు ఇంగ్లండునందును అమెరికాయందును ఎఱుగనివారు లేరు. ఆతని చరిత్రమున మాకు తక్కిన వీరుల కథలందు అంత స్పష్టముగా కానరాని విషయ మొకటి కానవచ్చుచున్నది. తన జాతికి స్వాతంత్ర్యమును కోరువాడు తన దేశముననే యున్న యితర జాతుల కోరికను ఎట్లు చూడవలెనను ప్రశ్న ఆతనిని జీవితమంతయు వెన్నాడెను. ఆతడు సరియైన సమాధానమునకు వచ్చునప్పటికి రాజ్యము చేజారిపోయినది.

కోషూత్ 1802 వ సంవత్సరము సెప్టెంబరు 19 వ తేదీన ఉత్తర హంగరీయందు జెంప్లేన్ మండలములోని మోనోక్ గ్రామమున జన్మించెను. వారిది ప్రభువంశమే గాని చెప్పుకొనదగిన భూవసతి లేదు. తండ్రి న్యాయవాదవృత్తిచే కుటుంబమును పోషించుచుండెను. పూర్వులు స్లొవాకు జనులు నివసించు తురోట్స్ మండలమునుండి వచ్చినవారు. తల్లి జర్మను సంతతికి చెందినది. ఇట్టి మిశ్రమకుటుంబమున పుట్టియు కోషూత్ బాల్యమునుండియు తన్ను మగ్యారుగానే యెంచుకొనెను. లూథరు మతశాఖకు చెందిన యీతడు న్యాయశాస్త్రమును చదివి, తండ్రివలెనే స్వమండలమున వకీలుపని సాగించెను.

ఆనాటి హంగరీ స్థితిని కొంచెము తెలుపవలసియున్నది. ఆస్ట్రియా చక్రవర్తియే హంగరీకి రాజు. హంగరీకి ప్రాచీనమైన రాజ్యాంగమును, పొజోని నగరమున సమావేశమగు శాసనసభయు కలవు. ఆ పొజోనియే బ్రాటిస్లావా యను పేర నేడు స్లొవాకియాకు రాజధానియైనది. సభ కలదన్నమాటయే గాని అధికారము వియన్నాయందుండెను. దేశజనులలో నూటికి అయిదుగురు మాత్రమే ప్రభువర్గమువారు. వారు పన్ను చెల్లింపరు. పన్నుభారమంతయు రైతులపై పడియుండెను. రైతు ప్రభువునకు ఏటేట నిర్ణీతదినములు వెట్టి చేయవలెను; పంటలో భాగమీయవలెను; మఱియొక భాగమును మతసంస్థకు చెల్లింపవలెను. తగవు వచ్చినచో ఆ ప్రభువే న్యాయాధిపతి. శాసనసభలోను కచేరీలలోను చిరకాలము వాడుకలోనున్నది ప్రజలలో నెవరి యింటిభాషయుగాని లాటిను భాష. 1844 వ సంవత్సరపు శాసనముచేత గాని మగ్యారు భాషకు పూర్ణమైన యధికారస్థానము లభింపలేదు.

1832 వ సంవత్సరమున కోషూత్ పొజోని సభకు పోయెను. సభకు రాని కొందఱు ప్రభువుల పక్షమున కూర్చుండుటయే ఆతని పని. సమ్మతినిచ్చు హక్కు లేదు. అట్టి చిన్నపదవినుండి ఆతడు దేశమును కదలించు సాధనమును కనిపెట్టెను. సభలో జరుగు వాదములను ప్రకటింపకుండ సెన్సారుశాఖ అడ్డుపడుచుండెను. అయితే ఆ యాంక్షలు అచ్చుపుస్తకములకే గాని సొంత యుత్తరములకు వర్తింపవు. కావున కోషూత్ సభావృత్తాంతములను లేఖల రూపమున వ్రాసి, న్యాయవిద్యార్థులచేత ప్రతులెత్తించి, మండలములకు పంపనారంభించెను. ఆ లేఖలను జనులు గుంపులుగూడి చదివించుకొని వినిరి. సభ ముగిసిన పిమ్మట మండలసభల వృత్తాంతములను అట్లే ప్రకటింపబూనెను. ప్రభుత్వము మానుమని యాజ్ఞాపించినను మానలేదు. 1837 వ సంవత్సరము మే నెలలో ఆతనిని నిర్బంధించి బుడా కోటయందుంచిరి. విధించిన శిక్ష మూడేండ్లు. పై న్యాయస్థానము దానిని నాలుగేండ్లకు హెచ్చించెను.

కారాగారవాసమువలన ఆతని యారోగ్యము చెడినది. కాని యాకాలమును ఆతడు వృథాపుచ్చలేదు. బైబిలును, షేక్‌స్పియరు నాటకములను ముందిడుకొని ఇంగ్లీషు నేర్చుకొనెను. ఆ చదువు తనకు పదునాలుగేండ్ల తరువాత ఎట్లుపయోగపడునో ఆనాడు ఆతడూహించి యుండడు. 1840 వ సంవత్సరమున రాజకీయ బందీలకు క్షమాభిక్ష లభించి విడుదల యగునప్పటికి ఆతడు దేశమంతటను ప్రసిద్ధుడై యుండెను.

మఱుసటి జనవరిలో పెష్టి హీర్లాప్ అను పత్రికకు సంపాదకుడయ్యెను. వారమునకు రెండుమాఱులు వెలువడు నా పత్రికకు ఆరంభమున వందకు తక్కువగానున్న చందాదారులు మూడేండ్లలో అయిదువేలకు చేరిరి. ప్రభువులు పన్ను చెల్లింపవలెనని, రైతులు వెట్టినుండి విముక్తులు కావలెనని, కొరడాదెబ్బల శిక్ష పోవలెనని యాతడు సంచిక వెంట సంచికయందు వాదించెను. ఇంతకు పూర్వము పత్రికలలో వార్తలే గాని యభిప్రాయము లేదు. సంపాదకీయమను ప్రక్రియను హంగరీలో పాదుకొల్పినవాడు కోషూత్ అని చెప్పవచ్చును.

ఆతనిని ఎదిరించినవాడు సామాన్యుడు కాడు. ఇస్త్వాన్ సేచెన్యి మహాసంపన్నుడగు ప్రభువు. 1825 వ సంవత్సరమున తన ఆస్తిపై వచ్చు ఒకయేటి యాదాయమును విద్యాపరిషత్తు స్థాపనమునకు దానమిచ్చినవాడు. బుడా, పెష్టు నగరములను కలుపు గొలుసు వంతెనకు కారకుడు. ఆతనిని హంగరీయులలో నెల్ల గొప్పవాడని తొలుత కొనియాడినది కోషూత్ యే. దేశము ముందు ధనమును, పరిశ్రమలను, వంతెనలను, రోడ్లను సంపాదింపవలెనని, రాజకీయావేశము నాశనహేతువని సేచెన్యి మతము. రాజకీయస్వాతంత్ర్యము లేనిదే ఆర్థికాభివృద్ధి నిలువదని కోషూత్ మతము. సేచెన్యి 1841 లో కోషూత్ ధోరణిని ఖండించుచు నొక గ్రంథమునే వ్రాసెను. ఇరువురును దేశభక్తులే. ఇతర జాతులపై మగ్యారు భాషను బలవంతముగా రుద్దరాదని 1842 లోనే విద్యాపరిషత్తునందు హెచ్చరించినవాడు సేచెన్యి యని చదువరులు గుర్తింతురుగాక.

1844 లో పత్రికాయజమానితో భేదము కలిగి కోషూత్ సంపాదకత్వమును విడిచెను. ఆ యేడే ఆతడును మిత్రులును వేదెగ్లెత్ అను స్వదేశవస్తురక్షణసంఘమును స్థాపించిరి. ఆస్ట్రియా సుంకములచే హంగరీ పరిశ్రమలు తలయెత్తలేకపోవుచుండెను. సుంకములను మార్చు నధికారము హంగరీయులకు లేదు. అందుచే దొరికినంతవఱకు స్వదేశమున తయారైన వస్తువులనే కొందుమని సభ్యులు ప్రతిజ్ఞ పట్టిరి. ప్రభుకుటుంబముల స్త్రీలు ముతకబట్టలు కట్టి విందులకు వచ్చిరి. ఆర్థికముగా ఆ సంఘమువలన కలిగిన ఫలము స్వల్పమే. కాని రాజకీయములతో పొత్తులేని గృహస్థులు దానివలన రాజకీయములలోనికి వచ్చిరి. 1905 వ సంవత్సరపు మన స్వదేశోద్యమమును ఎఱిగినవారికి దీనిని వివరింప బనిలేదు.

1847 లో పెష్టు మండలమువారు కోషూత్‌ను శాసనసభకెన్నుకొనిరి. పారిస్ వార్తలు పొజోనికి చేరగా 1848 వ సంవత్సరము మార్చి 3 వ తేదీన ఆతడు హంగరీకి బాధ్యతాయుత ప్రభుత్వమును, సామ్రాజ్యములోని తక్కిన రాజ్యములకును రాజ్యాంగమును ఈయవలెనని యుపన్యసించెను. దాని యనువాదమును మార్చి 13 వ తేదీన వియన్నా వీథులలో చదివిరి. ముప్పది యేండ్లకు పైగా మధ్య యూరపును శాసించిన మెటర్నిక్ మంత్రి ఆ రాత్రియే పదవిని విడిచెను. మార్చి 15 న పెష్టు నగరమున పెటోఫీ మొదలగు యువకులు సెన్సారు అనుమతి లేకయే తమ కోరికలను అచ్చొత్తించి పంచిరి. రాజు లొంగెను. బత్యానీ ప్రధానిగా మంత్రివర్గమేర్పడెను. కోషూత్ ఆర్థికమంత్రి యయ్యెను.

ఏప్రిలు 11 వ తేదీన రాజు సమ్మతించిన శాసనములను గుఱించి భూస్వాములగు మన చదువరులు ప్రత్యేకముగా ఆలోచింపదగును. ప్రభువులే నిండియున్న యా సభ తన సభ్యుల హక్కులను తానే త్రోసివైచెను. ప్రభువులు పన్ను చెల్లింప నంగీకరించిరి. వెట్టి రద్దయ్యెను. పంటలో భాగము, మతసంస్థకిచ్చు దశమభాగము రద్దయ్యెను. ప్రభువుల న్యాయాధికారము పోయెను. రైతు సాగుచేయుచున్న భూమి రైతుదే యయ్యెను. ప్రభువునకు పరిహారమిచ్చు బాధ్యతను రాజ్యము వహించెను. ఇదంతయు ఔదార్యమే యని మేమనము. నలువదివేల రైతులు పెష్టు సమీపమున గుమిగూడినారను వట్టి వదంతి సభ్యులను తొందరపెట్టినమాట నిజము. భూమి లేని కూలీలకు ఈ శాసనములవలన భూమి దొరకనిమాటయు నిజము. అయినను ఏండ్లకొలది వాదించి దారిచేసియుంచిన కోషూత్ వంటివారు లేకున్నచో, భయము పుట్టిన దినమున ప్రభువులకు సైన్యమును పిలుచుటయే తోచియుండును. ఆస్ట్రియా యుద్ధమున గెలిచిన పిమ్మటకూడ ఈ సంస్కరణమును తిరుగద్రోయ సాహసింపలేదు. కోషూత్ చేసిన పనులలో శాశ్వతముగా నిలిచిన దిదియే.

ఇక ఆతని లోపమును చెప్పవలసియున్నది. హంగరీ కిరీటమునకు లోబడిన దేశమున మగ్యారులు సగమునకు లోపు. తక్కినవారు క్రొయేషియనులు, సెర్బులు, స్లొవాకులు, రుమేనియనులు, జర్మనులు, రుథేనియనులు. వ్యక్తికి సమానహక్కులిచ్చినచో జాతికి వేఱుగా ఈయవలసిన దేమియు లేదని కోషూత్ నమ్మెను. రైతుకు వెట్టి పోయినది, పన్ను సమానమైనది, సమ్మతిహక్కు వచ్చినది; ఇంక స్లొవాకు రైతునకు కొఱత యేమని యాతని ప్రశ్న. కాని సభలో కూర్చుండుటకు మగ్యారు భాష రావలెనని ఆ శాసనములే నియమించెను. లాటిను భాషను తొలగించుటకు మగ్యారులు చూపిన కారణములనే మగ్యారు భాష విషయమున క్రొయేషియనులు చూపిరి. ఏప్రిలులో పొజోనికి వచ్చిన సెర్బు ప్రతినిధులు నిరాశతో మఱలిపోయిరి. మే నెలలో స్లొవాకులు లిప్తో మండలమునను, సెర్బులు కార్లోవిట్జునందును, రుమేనియనులు బ్లాజ్ పట్టణమునను సభలుచేసి తమ భాషకు, తమ జాతికి గుర్తింపును కోరిరి. వియన్నా ప్రభువులకు కావలసినదియు నిదియే. ఆస్ట్రియాకు విధేయుడగు యెలాచిచ్ క్రొయేషియా పాలకుడై, సెప్టెంబరు 11 న ద్రావా నదిని దాటి హంగరీపై దండెత్తెను.

అంతకు మున్నే జూలై 11 వ తేదీన కోషూత్ జబ్బుపడిన శరీరముతో సభయందు నిలిచి, దేశరక్షణకు 2,00,000 మంది సైనికులను, 4,20,00,000 ఫోరింటులను అడిగెను. ఉపన్యాసము ముగియకమున్నే సభ్యులెల్లరు లేచి ఇచ్చితిమనిరి. బంగారము లేని ఖజానాపై ఆతడచ్చొత్తించిన కాగితపు నోట్లను రైతులు నమ్మి తీసికొనిరి. సెప్టెంబరులో బత్యానీ మంత్రివర్గము తొలగగా, కోషూత్ నాయకత్వమున దేశరక్షణసంఘము రాజ్యభారమును వహించెను. ఆతడు మైదానపు గ్రామములు తిరిగి యుపన్యసింప వేలకొలది రైతులు సైన్యమున చేరిరి. ఆ నెల 29 న పాకొజ్డ్ వద్ద యెలాచిచ్ సేన ఆగి వెనుదిరిగెను. డిసెంబరు 2 న వియన్నాలో ఫెర్డినాండు సింహాసనమును విడువగా, పదునెనిమిదేండ్ల ఫ్రాన్సిస్ జోసెఫు చక్రవర్తి యయ్యెను. ఏప్రిలు శాసనములకు తాను కట్టుపడలేదని యాతని పక్షము వాదము. జనవరిలో ఆస్ట్రియా సేన పెష్టును పట్టుకొనగా ప్రభుత్వము నోట్ల యంత్రముతోసహా తూర్పున దెబ్రెత్సెన్ పట్టణమునకు తరలిపోయెను. వసంతమున గోర్గెయి సేనానియు, ట్రాన్సిల్వేనియాయందు పోలండు వీరుడగు బెమ్ సేనానియు వరుసగా జయములు పొందిరి. 1849 వ సంవత్సరము ఏప్రిలు 14 వ తేదీన దెబ్రెత్సెన్ పెద్దచర్చియందు హంగరీ స్వాతంత్ర్యము ప్రకటింపబడెను. కోషూత్ గవర్నరు-అధ్యక్షుడయ్యెను. మే 21 న బుడా కోట హంగరీయులకు తిరిగి దక్కెను.

ఆస్ట్రియా ఒంటరిగా గెలువలేదని తేలినది. యువచక్రవర్తి వార్సా నగరమునకు పోయి రుష్యాచక్రవర్తి నికొలసును శరణుజొచ్చెను. జూను నెలలో సుమారు 2,00,000 రుష్యనులు హంగరీలో ప్రవేశించిరి. ఇంగ్లండు, ఫ్రాన్సులు ఊరకుండెను. ఇటు ట్రాన్సిల్వేనియా కొండలలో అవ్రాం యాంకు నాయకత్వమున రుమేనియను రైతులు హంగరీ సేనను ఎడతెగక పట్టియుంచిరి. వెట్టి పోయిన రైతులే తమకు వెట్టి పోగొట్టిన ప్రభుత్వముపై తిరుగబడుట కోషూత్‌కు తీరని వింత. జూలై 14 న ఆతడు రుమేనియను దేశభక్తుడగు బల్చెస్కుతో ఒడంబడిక చేసికొనెను. జూలై 28 న సెగెదునందు సభ జాతులహక్కుల తీర్మానమును ఆమోదించెను. గ్రామమున, పాఠశాలయందు, న్యాయస్థానమున, మతవిషయములందు స్వభాషను వాడుకొనవచ్చునని యందలి సారము. యూదులకు సమానహక్కులీయబడినదియు ఆ దినముననే. ఏడాదికి పూర్వము ఈ తీర్మానము వచ్చియుండినచో చరిత్రము మాఱియుండునని నిశ్చయముగా చెప్పజాలము. కాని వచ్చినది యుద్ధము ముగియుటకు రెండు వారముల ముందు.

ఆగష్టు 11 న కోషూత్ అధికారమును గోర్గెయికప్పగించి తొలగెను. 13 న గోర్గెయి విలాగోష్ వద్ద రుష్యనులకు ఆయుధములప్పగించెను. అక్టోబరు 6 వ తేదీన అరాద్ కోటయందు పదుముగ్గురు సేనానులకు మరణశిక్ష నమలుజరిపిరి. ఆ దినమే పెష్టులో బత్యానీని తుపాకులతో కాల్చిరి. అప్పటికి టర్కీలోని విదిను చేరియున్న కోషూత్, గోర్గెయి ద్రోహియని యందఱకును లేఖ వ్రాసెను. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. రెండు సామ్రాజ్యముల నడుమ చిక్కిన సేనకు వేఱు గతి లేదు. గోర్గెయి 1916 వఱకు బ్రదికి ఆ నిందను మోసెను.

ఆస్ట్రియా, రుష్యాలు బెదరించినను సుల్తాను కోషూత్‌ను అప్పగింపలేదు. ఆసియా మైనరులోని కుటాహ్యాయందు నిర్బంధమున నుండి 1851 లో విడుదలపొంది, అమెరికా ప్రభుత్వపు నౌకనెక్కి, అక్టోబరులో ఇంగ్లండు చేరెను. చెఱసాలలో నేర్చిన షేక్‌స్పియరు భాషలో ఆతడు మాటలాడగా లక్షలకొలది జనులు మూగిరి. డిసెంబరులో అమెరికా పోయి యేడు నెలలు తిరిగెను. గౌరవములకు లోపము లేదు. సైన్యసహాయము మాత్రము దొరకలేదు. ఆ దేశమున లక్షలాది నీగ్రోలు బానిసలై యుండుటను గుఱించి ఆతడు నోరు విప్పడయ్యెను. మఱియొక దేశపు అంతరంగమున జోక్యము కలిగించుకొనననెను. బానిసత్వనిర్మూలనవాదులు ఆతనిని తీవ్రముగా నిందించిరి. తన ప్రజలకొఱకు ధనమర్థింపవచ్చినవాని యిబ్బంది మా కర్థము కాకపోలేదు. అయినను నింద నిరాధారమని యనజాలము.

ప్రవాసమున కోషూత్ మనస్సు మాఱెను. 1862 లో ఆతడు డాన్యూబు సమాఖ్య యను పథకమును ప్రకటించెను. హంగరీ, ట్రాన్సిల్వేనియా, క్రొయేషియా, సెర్బియా, రుమేనియాలు సమానహోదాతో ఒక సమాఖ్యగా చేరవలెను. సమాఖ్యసభ పెష్టు, బుకారెస్టు, జాగ్రెబు, బెల్‌గ్రేడు నగరములలో వరుసగా కూడవలెను. ఏ గ్రామమునకు ఏ భాష కావలెనో ఆ గ్రామమే నిర్ణయించుకొనవలెను. స్వదేశమున దీనిని విన్నవారు లేరు, అనేకులు కోపగించిరి. 1867 లో దెయాక్ ఆస్ట్రియాతో రాజీ కుదుర్చుకొనగా ఫ్రాన్సిస్ జోసెఫు హంగరీ రాజుగా కిరీటము ధరించెను. ఈ బంధమువలన హంగరీ పరుల యుద్ధములలోనికి ఈడ్వబడునని, తన పొరుగువారినందఱను శత్రువులను చేసికొనునని కోషూత్ బహిరంగలేఖలో హెచ్చరించెను.

భార్యయు, ఏకపుత్రికయు ముందే గతింప, ఇటలీలోని ట్యూరిన్ నగరమున ఆతడు మొక్కలను సేకరించుచు, జ్ఞాపకములను వ్రాయుచు శేషజీవితమును గడపెను. రాజునకు ప్రజగా నుండుట కొల్లక స్వదేశము తిరిగిపోలేదు. పదియేండ్లు పరదేశమున నున్నవారి పౌరత్వమును తొలగించు 1879 వ సంవత్సరపు శాసనముచేత తుదకు హంగరీ పౌరుడుగాకూడ లేకుండెను. 1894 వ సంవత్సరము మార్చి 20 వ తేదీన 91 ఏండ్ల ప్రాయమున మరణించెను. రాజు ప్రభుత్వమర్యాదలకు సమ్మతింపకపోయినను బుడాపెష్టు నగరము ఆతని భౌతికకాయమును తెప్పించి లక్షలాది జనుల నడుమ సమాధిచేసెను.

ఆయన యెడ భక్తిచూపిన జనులు ఆయన కడపటి హితవును చెవినిపెట్టలేదు. స్లొవాకు, రుమేనియను పిల్లల చదువులను మగ్యారు భాషకు మఱింత లోబఱచుచు 1907 లో శాసనము చేసిరి. 1914 లో ఆస్ట్రియా వెంట హంగరీయు యుద్ధమున దిగెను. 1920 వ సంవత్సరము జూను 4 న ట్రియనాన్ సంధివలన దేశభూమిలో మూడింట రెండు వంతులు పోయెను. అందు చేరి ముప్పది లక్షల మగ్యారులును పరరాజ్యములలో తామే యల్పసంఖ్యాకులైరి. ఆ సంధి యన్యాయములను మేము సమర్థింపము. కాని తమ భాషకు పాఠశాలలు కావలెనని అప్పుడు వారు కోరినది, వారి తాతలను 1848 లో స్లొవాకులు, సెర్బులు, రుమేనియనులు కోరినదే.

కోషూత్ ధైర్యమును, వాక్ఛక్తిని, నిస్స్వార్థతను లోకము కొనియాడినది, కొనియాడదగినదే. మేము వానికంటె రెండింటిని హెచ్చుగా నెంచుచున్నాము. తన వర్గపు హక్కులను తానే విడుచుటకు తన వర్గమును ఒప్పించుట మొదటిది. ఓడిపోయిన పిమ్మట తన తప్పునుగూడ వెదకికొని, అఱువదియేండ్ల ప్రాయమున మతము మార్చుకొని, జనులు మెచ్చరని యెఱిగియు దానిని ప్రకటించుట రెండవది. స్వరాజ్యమును సంపాదించిన యే జాతికైనను ఆ రెండవ గుణము మొదటిదానికంటె కష్టసాధ్యము. గెలుపు మనదైనప్పుడే, మనలో తక్కువ సంఖ్యగలవారి మాట మనకు చిన్నదిగా తోచును. అట్టి సమయమున కోషూత్ పొజోనియందు చేసిన దానిని గాక, ప్రవాసమున వ్రాసినదానిని స్మరించుట మేలని మా మనవి.